నష్టం మీటరు – ఒకటి

తాంతా నగర చరిత్రలో ఏ అధికారీ చేయని ప్రకటనను మా డైరెక్టర్ జనరల్ డాక్టర్ ముంతసిర్‌గారు ఏప్రిల్ నెలలో ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు చేశారు.

"ఈ రోజు నుంచి మా సంస్థలో ప్రతి ఉద్యోగి ఎంత నష్టం చేస్తున్నాడో అంకెలతో సహా కొలుస్తాం. అందరికన్నా ఎక్కువ నష్టం చేసినవారిని గౌరవిస్తాం."

ముగ్గురు విలేకరులు వచ్చారు. ముగ్గురూ రాసుకోవడం ఆపి తలెత్తారు. వారిలో పెద్దాయన గొంతు సవరించుకుని, "ఎక్కువ చేసినవారినా, తక్కువ చేసినవారినా?" అని అడిగాడు.

"ఎక్కువ," అన్నారు డాక్టర్‌గారు. "తక్కువ చేసేవాళ్లు మనకెందుకు?"

ఇంత సూటిగా మాట్లాడే అధికారిని ఆ పెద్దాయన తన ముప్పై ఏళ్ల వృత్తిలో చూడలేదట. వెళుతూ వెళుతూ నా చేయి పట్టుకుని మరీ చెప్పాడు.

నా పేరు ఫిక్రీ. డెల్టా ప్రాంత డిజిటల్ వినోద మార్గదర్శక సంస్థలో పంతొమ్మిదేళ్లుగా ప్రెస్ నోట్లు రాస్తున్నాను. ఈ ప్రెస్ నోటు కూడా నేనే రాశాను. అందులో తప్పేమీ లేదు. కైరోలోని మా పై కార్యాలయం నుంచి వచ్చిన సర్క్యులర్‌లో ఉన్నదే ఉంది. ప్రతి జిల్లా సంస్థా అయిదుగురు ఉద్యోగులతో ఒక జట్టు కట్టాలి. 'ఏడు ద్వారాలు' అనే ఆన్‌లైన్ ఆటలో దిగాలి. ద్వారానికొక భూతం కాపలా ఉంటుంది. అందరూ కలిసి దాన్ని కొట్టాలి. ఎవరు ఎంత దెబ్బ కొట్టారో తెర పక్కన ఒక చిన్న గడిలో అంకెలు పడతాయి. ఆ గడిని బాధ్యతాయుతంగా వాడాలి. ఇంతే సర్క్యులర్.

ఆ గడిని ఆడేవాళ్లు డ్యామేజ్ మీటర్ అంటారు. డాక్టర్‌గారికి పరభాష మాట కనిపిస్తే ఒళ్లు మండుతుంది. సర్క్యులర్ మీద ఆ మాటను ఎర్ర సిరాతో కొట్టేసి, పైన శుద్ధమైన అరబ్బీలో 'నష్టం మీటరు' అని రాశారు. మా భాషలో ఆ మాట ఒక్కటే. వరదొచ్చి పత్తి చేను మునిగినా అదే మాట, లారీ వచ్చి గోడను గుద్దినా అదే మాట.

మర్నాడు పేపర్లో వార్త పడింది. తొమ్మిదింటికల్లా మా గేటు ముందు నలభై మంది పౌరులు వరసలో నిలబడ్డారు. మా సంస్థ తమకు చేసిన నష్టాన్ని మీటరులో ఎక్కించమని ప్రతి ఒక్కరి చేతిలో ఒక అర్జీ. డాక్టర్‌గారు కిటికీలోంచి చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"చూశావా ఫిక్రీ? ఈ-క్రీడల మీద జనానికి ఇంత ఆసక్తి ఉందని నేననుకోలేదు."

వరసలో మొదట నిలబడింది జుహ్దీ బాబాయ్. స్టేషన్ వెనక సందులో పన్నెండు కంప్యూటర్ల ఆటల హాలు ఆయనది. లైసెన్సు కాగితం మీద ప్రభుత్వ గద్ద ముద్ర కోసం మూడేళ్లుగా తిరుగుతున్నాడు. కాగితం సిద్ధంగా ఉంది, సంతకాలు ఉన్నాయి, ముద్ర కూడా సొరుగులో ఉంది. వేసే మనిషే లేడు. ముద్ర పట్టే గుమాస్తా మూడేళ్ల కిందట రిటైరయ్యాడు. పర్మినెంట్ ఉద్యోగి తప్ప ఇంకెవరూ గద్ద ముద్రను ముట్టుకోకూడదని నియమం. లైసెన్సుల విభాగంలో ఉన్నది షాహీనాజ్ ఒక్కతే. ఆమె ఆరేళ్లుగా తాత్కాలికం.

"నేను పర్మినెంట్ అయిన రోజున మొదటి ముద్ర మీ కాగితం మీదే బాబాయ్," అని ఆమె ప్రతి నెలా ఆయనకు మాట ఇచ్చేది. ఆ పర్మినెంటు మీద ఆశ పెట్టుకున్నవాడు ఆయనొక్కడే కాదు. షాహీనాజ్ తండ్రికి మోకాలు మార్చాలి. పర్మినెంట్ ఉద్యోగుల తల్లిదండ్రులకే ఆరోగ్య కార్డు వస్తుంది. అందువల్ల ఆయన మోకాలు కూడా ఆరేళ్లుగా తాత్కాలికంగానే నడుస్తోంది.

ఈ ఏడాది కైరో మా సంస్థకు ఒక పర్మినెంట్ పోస్టు మంజూరు చేసింది. ఒకటే. ఉత్తర్వు జూన్ ముప్పైలోగా వెళ్లాలి. ఆ రోజుకు పోస్టు దక్కని తాత్కాలిక ఉద్యోగుల కాంట్రాక్టు తీరిపోతుంది. అర్హులు ఇద్దరు. ఒకరు ఆరేళ్ల సర్వీసున్న షాహీనాజ్. రెండోవాడు పదకొండు వారాల సర్వీసున్న హైసమ్. డాక్టర్‌గారికి స్వయానా మేనల్లుడు.

మామూలుగా అయితే ఇలాంటి చోట్ల పక్షపాతం జరుగుతుంది. డాక్టర్‌గారు అలాంటి మనిషి కాదు.

"మేనల్లుడని నేను వాడి వైపు చూడను," అని మీటింగులో అందరి ముందు అన్నారు. "మీటరు ఎవరిని చూపిస్తే వాళ్లకే పోస్టు. సర్క్యులర్ బాధ్యతాయుతంగా వాడమంది. బాధ్యత అంటే ఏమిటి? ప్రతిసారీ ఒక బాధ్యుడు దొరకాలి."

చప్పట్లు కొట్టాం.

*

మొదటి అడ్డంకి స్టోర్స్‌లో ఎదురైంది. స్టోర్‌కీపర్ గిర్గిస్ నిప్పులాంటి మనిషి. రసీదు లేకుండా గాలి కూడా పీల్చడని పేరు.

"మీటరు ఏదండీ?" అన్నాడు.

"కంప్యూటర్లో ఉంది," అన్నాను.

"బయటికి తీయించండి. చేత్తో పట్టుకోకుండా అందినట్టు ఎలా రాస్తాను?"

"అది పట్టుకునేది కాదు గిర్గిస్. కనిపిస్తుందంతే."

"కరెంటు కూడా పట్టుకునేది కాదు. దాని మీటరు గోడకి లేదూ?"

ఈ వాదన రెండు వారాలు సాగింది. చివరికి జుహ్దీ బాబాయే దారి చూపించాడు. మా ఆఫీసులో ఆ ఆటను మోయగల కంప్యూటర్ ఒక్కటీ లేకపోవడంతో జట్టు సాధన ఎలాగూ ఆయన హాల్లోనే జరగాలి. అక్కడి మానిటర్లలో పెద్దదాని మీద ఒక్క మీటరు గడి మాత్రమే కనిపించేలా ఆయన ఏర్పాటు చేశాడు. గిర్గిస్ ఆ మానిటర్ను రెండు చేతులతో ఎత్తి బరువు చూసి తృప్తిపడ్డాడు. స్టాకు రిజిస్టరులో ఇలా రాశాడు: 'నష్టం మీటరు – ఒకటి. గాజు ముఖంతో.'

"ఇంక సీలు వెయ్యాలి," అన్నాడు.

"అది నా మానిటరయ్యా," అన్నాడు జుహ్దీ బాబాయ్.

"ఇప్పటిదాకా మీదే. రిజిస్టరెక్కింది కదా."

మీటరన్నాక సీలు ఉండాలి. లేకపోతే ఎవరైనా తిప్పేస్తారు. గిర్గిస్ కొవ్వొత్తి వెలిగించి, ఎర్ర లక్క కరిగించి, తెర కుడి చేతి వైపు కింది మూలన అరచేతి మందాన అద్దాడు.

జుహ్దీ బాబాయ్ ఆ మూలను చూసి నుదురు కొట్టుకున్నాడు.

"అక్కడే ఎందుకయ్యా? అక్కడ బాణం గుర్తుంది. అది నొక్కితే రెండో పేజీ వస్తుంది. ఎవరు ఎవరిని బతికించారో ఆ లెక్కంతా అందులో ఉంటుంది."

"నాకు అందింది ఒక పేజీ," అన్నాడు గిర్గిస్. "రెండో పేజీకి ఇండెంట్ లేదు."

"మౌస్‌తో తడిమినా దొరుకుతుందిలే."

"సీలు కింద తడిమితే దాన్ని ట్యాంపరింగ్ అంటారు బాబాయ్. మూడేళ్లు జైలు పడుతుంది."

ఆ సమయానికి డాక్టర్‌గారు వచ్చారు. జుహ్దీ బాబాయ్ ఆయనకు టీ ఇచ్చి, వినయంగా ఒక మాట చెప్పాడు. "డాక్టర్‌గారూ, ఈ మీటరు ఎవరిది వాళ్లు చూసుకోడానికండీ. నిన్న నేనెలా ఆడాను, ఇవాళ ఎక్కడ పొరపాటు చేశాను అని. ఇంకోడి నెత్తిన కొట్టడానికి కాదు. అయినా అందరూ కొట్టేవాళ్లే ఉండరు కదా. దెబ్బలు కాచేవాడు ఒకడుంటాడు, మందు వేసేవాళ్లు ఉంటారు."

డాక్టర్‌గారు ఓపిగ్గా విన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "రాసుకో ఫిక్రీ. నియమావళి మొదటి అంశం: మీటరుతో ఎవరినీ కించపరచరాదు," అన్నారు. టీ చప్పరించి, "రెండో అంశం: జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాలి. చివరి పేరు పెద్ద అక్షరాల్లో," అన్నారు.

*

సాధన ఆఫీసు వేళల్లోనే జరిగేది. మా జట్టు ఇది: తెల్ల గుర్రం మీద వీరుడు డాక్టర్‌గారు. విలుకాడు హైసమ్. డాలు పట్టుకుని భూతం ముందు నిలబడి దెబ్బలు కాచేవాడు గిర్గిస్. మందులు వేసి అందరినీ బతికించే వైద్యురాలు షాహీనాజ్. అయిదోవాణ్ణి నేను. మిగతావాళ్లు కొడుతుంటే ప్రెస్‌కి ఫోటోలు తీయడం నా పని. మధ్యలో వీలైతే ఒక రాయి విసిరేవాణ్ణి.

మొదటి ద్వారం దగ్గర ఇత్తడి భూతం ఉంది. పోరు తొమ్మిది నిమిషాలు సాగింది. గిర్గిస్ డాలు అడ్డం పెట్టి, "ముందు నా సంతకం కావాలి" అని గొణుక్కుంటూ కదలకుండా నిలబడ్డాడు. హైసమ్ నేరుగా వెళ్లి మంటలో నిలబడ్డాడు.

"ఒరే హైసమ్, ఇవతలికి రా, అది మంట," అంది షాహీనాజ్.

"తెలుసు మదామ్. ఇక్కణ్ణించి గురి బాగుంది. మీరు మందు వేస్తూ ఉండండి."

"నీకొక్కడికే ఎంతని వెయ్యను?"

"అయిపోతే చెప్పండి, అప్పుడు జరుగుతా."

డాక్టర్‌గారు గుర్రం మీద భూతం చుట్టూ ప్రదక్షిణం చేస్తూ, అప్పుడప్పుడు ఆగి పరిస్థితిని సమీక్షించారు. భూతం కూలింది. అందరం సీలున్న మానిటర్ చుట్టూ మూగాం.

హైసమ్ మూడు లక్షలు. గిర్గిస్ తొంభై వేలు. నేను ఆరు వందలు. డాక్టర్‌గారు రెండు వందల పన్నెండు. షాహీనాజ్ సున్నా.



"మీటరు తప్పు," అన్నారు డాక్టర్‌గారు.

"సీలు ఉందండీ," అన్నాడు గిర్గిస్. "సీలున్న మీటరు తప్పు చూపదు."

ఇలాంటి సమయంలో చిన్న అధికారులైతే కోప్పడతారు. డాక్టర్‌గారు మెమో ఇచ్చారు. 'ఇక మీదట ఏ ఉద్యోగీ తన గ్రేడుకు మించి నష్టం చేయరాదు. పై అధికారి చేసిన తర్వాతే కింది ఉద్యోగి చేయవలెను.' రెండో పోరులో మేమంతా ఆయుధాలు దించి, డాక్టర్‌గారి మొదటి దెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాం. ఆయన గుర్రానికి మలుపు దొరకలేదు. ఇత్తడి భూతం మమ్మల్ని సీనియారిటీ ప్రకారం చంపింది.

పరిష్కారం హైసమ్ కనిపెట్టాడు. తెలివైన కుర్రాడు, కాదనలేం.

"మామయ్యగారూ, మీటరు ఎంత కొట్టారనే అడుగుతుంది. ఎవరిని కొట్టారని అడగదు."

ద్వారానికి ఇవతల ఒక పల్లె ఉంది. పల్లెలో చెరువు, చెరువులో బాతులు. కొట్టిన బాతు అరనిమిషంలో మళ్లీ పుడుతుంది. డాక్టర్‌గారు ఆ రోజు నుంచి ఉదయం పది నుంచి రెండు వరకు బాతులకు కేటాయించారు. ఫైళ్లు హాలుకే తెప్పించుకున్నారు. గంట గంటకూ అంకె పెరుగుతుంటే ఆయన ముఖంలో ఇరవై ఏళ్ల కిందటి కళ వచ్చింది. "పాలనలో ఇంత స్పష్టమైన ఫలితం నేనెప్పుడూ చూడలేదు ఫిక్రీ," అనేవారు.

బాతులు ఒక్కోసారి గుంపుగా తిరగబడేవి. గుర్రం మీద నుంచి ఆయన పడిపోయేవారు. పక్కనే కూర్చుని లైసెన్సు ఫైళ్లు చూసుకుంటున్న షాహీనాజ్ తల తిప్పకుండానే ఒక చేత్తో మందు వేసి ఆయన్ని లేపేది. ఆరు వారాల్లో అరవై మూడు సార్లు బతికించింది. నేను లెక్కపెట్టాను. మీటరు కూడా లెక్కపెట్టే ఉంటుంది. ఆ లెక్క లక్క కింద ఉంది.

మే నెలలో కైరో నుంచి ఇంకో సర్క్యులర్ వచ్చింది. ఏసీలు పనిచేయనందున పోటీ రద్దయిందట. మీటరును బాధ్యతాయుతంగా వాడడం మాత్రం కొనసాగించాలని కింద ఉంది. డాక్టర్‌గారు ఊరటగా ఊపిరి తీసుకున్నారు. ఆయన బాతుల షెడ్యూలు మారలేదు.

*

జూన్ పద్దెనిమిదిన పోస్టు కోసం కమిటీ కూర్చుంది. అధ్యక్షులు డాక్టర్‌గారు. సభ్యుడు గిర్గిస్. నేను మినిట్స్ రాశాను. మినిట్స్ నుంచే యథాతథంగా ఇస్తున్నాను.

"మదామ్ షాహీనాజ్, ఆరేళ్ల సర్వీసు. నష్టం ఎంత?"

"సున్నా అండీ."

"ఆరు వారాల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా చెయ్యలేదా?"

"నా పని నష్టం చెయ్యడం కాదు డాక్టర్‌గారూ. నష్టపోయినవాళ్లని బాగుచెయ్యడం."

"దానికి ఆధారం?"

"మీరే. మిమ్మల్ని బాతులు పొడిచినప్పుడల్లా లేపింది నేనే కదా."

"బాతులు నన్ను పొడిచినట్టు రికార్డులో లేదు."

"రెండో పేజీలో ఉందండీ. ఆ సీలు ఒక్కసారి తీస్తే..."

"సీలు తీయాలంటే సీలు వేసినవాడి అభ్యంతరం లేదనే పత్రం కావాలి," అన్నాడు గిర్గిస్. "వేసింది నేనే. నాకు అభ్యంతరం ఉంది."

షాహీనాజ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "పోనీ, రేపటి నుంచి నేనూ కొడతాను. మందు ఆపేస్తాను. అప్పుడు అంకె వస్తుంది కదా?"

మర్నాడు అలాగే చేసింది. పోరు పదకొండు సెకన్లలో ముగిసింది. డాలుతో గిర్గిస్ నాలుగో సెకనుకు పోయాడు, మంటలో హైసమ్ ఆరో సెకనుకు. డాక్టర్‌గారు ఆ సమయానికి భూతం దగ్గరికి ఇంకా చేరలేదు, అయినా పోయారు. ఆమెకు కర్ర ఎత్తడానికి కూడా వ్యవధి దొరకలేదు. మళ్లీ సున్నా. పైగా జట్టు చావుకు కారణమైనందుకు సంజాయిషీ అడిగారు.

ఆ సాయంత్రం జుహ్దీ బాబాయ్ టీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నాన్నకి ఎలా ఉందమ్మాయ్?"

"మెట్లు దిగడం మానేశాడు బాబాయ్. పై నుంచి బుట్ట దించి కూరలు తీసుకుంటున్నాడు."

"ఈ గాడిదలు ఆటను కూడా ఆఫీసు చేశారు," అన్నాడు జుహ్దీ బాబాయ్. నేనూ అక్కడే ఉన్నానని గుర్తొచ్చి, "నిన్ను కాదు ఫిక్రీ," అన్నాడు. కాసేపు ఆలోచించి, "నిన్ను కూడా," అన్నాడు.

జూన్ ఇరవైన జాబితా నోటీసు బోర్డెక్కింది. శీర్షిక డాక్టర్‌గారే స్వయంగా శుద్ధమైన భాషలో దిద్దారు.

'సంస్థ ఉద్యోగులు చేసిన నష్టం – పై నుంచి కిందికి. డాక్టర్ ముంతసిర్, డైరెక్టర్ జనరల్: 41,00,000. హైసమ్: 12,00,000. గిర్గిస్: 3,40,000. ఫిక్రీ: 2,100. షాహీనాజ్: సున్నా.'

చివరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. కింద డాక్టర్‌గారి సంతకం. దాని కింద మరో వాక్యం: 'పర్మినెంట్ పోస్టుకు హైసమ్‌ను సిఫారసు చేయడమైనది. ఏ నష్టమూ చేయని కారణంగా మదామ్ షాహీనాజ్ సేవలు జూన్ ముప్పైతో ముగించబడును.'

*

జూన్ ఇరవై నాలుగున కైరో నుంచి ఏటా వచ్చే తనిఖీ అధికారి వచ్చాడు. పేరు ఉస్తాజ్ వగ్దీ. సన్నగా, నున్నగా, ఇస్త్రీ చేసిన రుమాలులా ఉంటాడు. నవ్వినట్టు ఎక్కడా దాఖలా లేదు. జీవితంలో ఏ ఆటా ఆడలేదు, చదరంగం చూస్తే గుర్రం మీద జాలిపడతాడని ఆయన డ్రైవర్ చెప్పాడు.

మెట్లెక్కుతూ నోటీసు బోర్డు దగ్గర ఆగాడు. చదివాడు. కళ్లద్దాలు మార్చి ఇంకోసారి చదివాడు. తర్వాత జాబితాను పిన్నులతో సహా ఊడదీసుకుని డాక్టర్‌గారి గదిలోకి వెళ్లాడు. ప్రెస్ నోటు కోసం నేను వెనకే వెళ్లాను.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే," అన్నారు డాక్టర్‌గారు, లేచి నిలబడి.

"నలభై ఒక్క లక్షల నష్టం మీరు ఒక్కరే చేశారా?"

"ఒక్కణ్ణే. ఎవరి సాయమూ తీసుకోలేదు."

ఉస్తాజ్ వగ్దీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెన్ను తీశాడు. "ఎంత కాలంలో?"

"ఆరు వారాల్లో. అంతా ఆఫీసు వేళల్లోనే. నా ముందున్న డైరెక్టరు పదేళ్లున్నాడు. ఒక్క అంకె చూపించమనండి."

"ఎవరికి జరిగింది ఈ నష్టం?"

డాక్టర్‌గారు ఒక్క క్షణం తటపటాయించారు. కానీ ఆయన నిజం దాచే మనిషి కాదు. "ఎక్కువగా బాతులకి."

"ఎవరి బాతులు?"

"పల్లెవాళ్లవి."

"పల్లెవాళ్లు ఫిర్యాదు చెయ్యలేదా?"

"వాళ్లు ఒకే మాట అంటారు. ఎన్నిసార్లు కదిలించినా, 'బాటసారీ, స్వాగతం' అంటారు."

ఉస్తాజ్ వగ్దీ ఆ మాటను కొటేషన్లలో రాసుకున్నాడు. "ఈ పన్నెండు లక్షలవాడు?"

"మా మేనల్లుడు. ఇంకా కుర్రాడు, ముందు ముందు నన్ను మించిపోతాడు."

"ఈ స్టోర్‌కీపరు?"

"పర్వాలేదు. పాత పద్ధతి మనిషి. ఎవరైనా వచ్చి మీద పడితే తప్ప చెయ్యడు."

"మరి ఈవిడ? సున్నా అని ఉంది."

డాక్టర్‌గారు నిట్టూర్చారు. "ఆవిడ మాకొక సమస్య. ఎంత చెప్పినా మారదు. ఆరేళ్లు చూశాం. చివరికి తీసేస్తున్నాం."

"దేనికి?"

"అందులో రాశాం కదండీ. నష్టం చెయ్యనందుకు."

ఉస్తాజ్ వగ్దీ పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు. ముప్పై ఏళ్లుగా అధికారులను ప్రశ్నిస్తున్న మనిషి. ఒప్పుకోవడం ఎలా ఉంటుందో ఆయనకు అదే మొదటిసారి చూడడం అనుకుంటాను. బయటికొచ్చి షాహీనాజ్ బల్ల దగ్గర ఆగాడు.

"ఆరేళ్లలో నిజంగా ఏ నష్టమూ చెయ్యలేదా అమ్మా?"

ఆమెకు ఏడుపొచ్చేసింది. "లేదండీ. నన్ను క్షమించండి."

ఆయన తన రుమాలు ఆమెకు ఇచ్చి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు మీటరును ఆఫీసుకు తరలించి, ఆమె బల్ల ఎదురుగా గోడకు బిగించమని ఆదేశించాడు.

*

జూన్ ముప్పై మధ్యాహ్నం కైరో నుంచి కవరొచ్చింది. అందులో రెండు ఉత్తర్వులున్నాయి. డాక్టర్‌గారి గదిలో మేమందరం నిలబడి ఉండగా నేను చదివాను.

మొదటి ఉత్తర్వు. డాక్టర్ ముంతసిర్‌ను తక్షణం కైరో పై కార్యాలయానికి ప్రత్యేక సలహాదారుగా ప్రమోషన్ మీద బదిలీ చేయడమైనది. కారణాల గడిలో ఒక్క అంకె మాత్రమే ఉంది: 41,00,000.

"దేశంలో మొదటి స్థానమట," అన్నారు డాక్టర్‌గారు, కవరులోని పట్టిక చూసి. హైసమ్‌ను ఆలింగనం చేసుకున్నారు. పట్టికలో హైసమ్ పేరు ఎదురుగా 'మధ్యస్థం, శిక్షణ అవసరం' అని ఉంది. వాణ్ణి తన వెంట కైరో తీసుకెళ్లారు.

రెండో ఉత్తర్వు. ఉస్తాజ్ వగ్దీ ప్రత్యేక సిఫారసు మీద పర్మినెంట్ పోస్టు మదామ్ షాహీనాజ్‌కు ఇవ్వడమైనది. గద్ద ముద్ర ఆమెకు అప్పగించవలెను. నష్టం సున్నాగా ఉన్నంతకాలం ఈ నియామకం చెల్లుతుంది.

షాహీనాజ్ ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని మూడుసార్లు చదివింది. తర్వాత ఫోను తీసి, "నాన్నా, ఇంక బుట్ట దించకు. కార్డు వస్తోంది," అంది. గిర్గిస్ కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి జుహ్దీ బాబాయ్ వచ్చాడు. ఒక చేతిలో లైసెన్సు కాగితం, రెండో చేతిలో పిస్తా మల్బన్ మిఠాయి డబ్బా. కొత్త చొక్కా వేసుకున్నాడు.

"ఏమ్మాయ్, మొదటి ముద్ర నాదే కదూ?"

"మీదే బాబాయ్. ఇంకెవరిది?"

గిర్గిస్ నుంచి సంతకం మీద తాళంచెవి తీసుకుని ఆమె సొరుగు తెరిచింది. గద్ద ముద్రను గుడ్డతో తుడిచింది. మూడేళ్లుగా ఎండిన సిరా. కొత్త సిరా అద్దింది. కాగితం సరిచేసి, చేయి పైకెత్తింది.

ఎదురుగా గోడ మీద మీటరు ఉంది. పెద్ద తెర, ఎర్ర లక్క సీలు. తెర మీద ఆమె పేరు, పక్కన సున్నా.

చేయి గాల్లోనే ఉంది.

"బాబాయ్, ఒక్క మాట. ఈ ముద్ర వేస్తే అది దేని కిందికి వస్తుంది?"

"దేని కిందికేంటమ్మా? నా కాగితం మీదికి వస్తుంది."

"అది కాదు. వేశాక ఏమైనా తేడా వస్తే?"

"మూడేళ్ల నుంచి అన్నీ సరిగ్గానే ఉన్నాయని నువ్వే కదా చెప్పింది?"

ఆమె గిర్గిస్ వైపు చూసింది. గిర్గిస్ మీటరు వైపు చూశాడు. నేను ఆ సమయంలో మల్బన్ డబ్బా విప్పుతున్నాను.

షాహీనాజ్ ముద్రను నెమ్మదిగా దించింది. గుడ్డతో సిరా తుడిచింది. సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలోని గొలుసుకు తగిలించుకుంది.

"రేపు కనపడండి బాబాయ్."

జుహ్దీ బాబాయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "పోనీ నా మానిటరైనా ఇస్తారా?"

"సీలు ఉంది," అన్నాడు గిర్గిస్.

ఆ రోజు ప్రెస్ నోటు చాలా చిన్నది. ఒక్క వాక్యం రాశాను: 'మా సంస్థలో నేటి నష్టం ఏమీ లేదు.' షాహీనాజ్ చదివి, 'సరిచూడడమైనది' అని కింద రాసింది. సంతకం మాత్రం పెట్టలేదు.